మిత్తి లెక్క, ఇంటి లెక్క, జకాత్ లెక్క



రమజాన్‌కు ముందు మన సొసైటీకి సాయం కోరుతూ వచ్చే దరఖాస్తులు చదివి విడదీసి పెట్టే పని కొన్నేళ్ళుగా నాకు అప్పగిస్తున్నారు. పెద్దవంగర, కొడకండ్ల, తొర్రూరు, పాలకుర్తి వైపు నుంచి వచ్చేవే ఎక్కువ. ఒకసారి ఒక కాగితం కింద పేరు చూసి ఆగిపోయాను. ఎక్కడో చూసిన పేరు. పాత రసీదు బుక్కులు తీసి వెతికితే మూడేళ్ళ కిందట అదే పేరు దాతల వరుసలో ఉంది. భార్య మెడలోని బంగారం మీద జకాత్ లెక్కగట్టి ఇచ్చిపోయిన మనిషి, ఈసారి జకాత్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. పొద్దున ఆటో తీస్తే రాత్రి దాకా దిగడు. ఇంట్లో ఒక ఆపరేషన్ వచ్చింది. నగ అమ్మడానికి మనసొప్పక, తెలిసినవాళ్ళ దగ్గర యాభై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. మిగతాదంతా లెక్కల పని. ఆ లెక్క అప్పు తెచ్చిన రోజే ఎవరైనా కాగితం మీద వేసి చూపించి ఉంటే ఆయన ఆ నోటు మీద సంతకం పెట్టేవాడు కాదని నా నమ్మకం. అందుకే ఈ ఏడాది సంచికకు వ్యాసం అడిగినప్పుడు ధార్మిక విషయం కాకుండా ఇంటి ఖర్చుల విషయమే రాస్తానన్నాను. చదువుతూ పోతే ఇదీ ధార్మిక విషయమేనని మీకే అనిపించవచ్చు.

మూడు రూపాయలంటే ఎంత?

మన దగ్గర మిత్తిని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అంటారు. వినడానికి ఎంత చిన్నగా ఉంటుందో చూడండి. మూడు రూపాయలకు సరైన చాయ్ కూడా రాదు. కానీ అది నూటికి, అది కూడా నెలకు. ఏడాదికి 36 శాతం. రెండు రూపాయలైతే 24, రూపాయిన్నర అయితే 18. బ్యాంకులో ఎవరైనా 36 శాతానికి అప్పిస్తామంటే ఉలిక్కిపడి లేచి వస్తాం. అదే మాటను ఊళ్ళో మూడు రూపాయలని చెబితే తల ఊపుతాం.

యాభై వేలకు మూడు రూపాయల చొప్పున నెలకు పదిహేను వందలు. చాలామంది మొదటి నెల మిత్తిని ముందే పట్టుకుంటారు కాబట్టి చేతికి వచ్చేది 48,500 మాత్రమే, అప్పు మాత్రం యాభై వేలు. నెలనెలా మిత్తి కడుతూ పోతే రెండేళ్ళ తొమ్మిది నెలలు దాటగానే, కట్టిన మిత్తే అసలంత అవుతుంది. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

అది క్రమం తప్పకుండా కట్టేవాళ్ళ సంగతి. కట్టలేనివాళ్ళకు ఏడాది తిరగగానే మిత్తిని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. యాభై వేలు మొదటి ఏడాది చివర 68,000 అవుతుంది. రెండో ఏడాది 92,480. మూడో ఏడాది 1,25,772. పైన చెప్పిన సోదరుడు తన దరఖాస్తులో రాసిన అప్పు సరిగ్గా ఈ చివరి అంకె. ఇంత అప్పు ఎందుకు చేశావని అడిగాను. "నేను చేసింది యాభై వేలే సార్, మిగతాది అదే అయింది" అన్నాడు.

ఈ మధ్యలో నగ కూడా పోయింది. రెండో ఏడాది ఇల్లు గడవక దాన్ని గిర్వి పెట్టారు, విడిపించుకోలేకపోయారు. ఇక్కడ నా అభిప్రాయం కొంతమందికి, ముఖ్యంగా మన ఇళ్ళలోని ఆడవాళ్ళకు, నచ్చకపోవచ్చు. అయినా చెబుతాను. తప్పనిసరి అవసరం పడి, దాన్ని ఏడాదిలో తీర్చే దారి కనపడకపోతే, నగను గిర్వి పెట్టడం కంటే అవసరమైనంత మేరకు అమ్మడమే మేలు. లక్ష రూపాయలకు రెండు రూపాయల మిత్తితో గిర్వి పెడితే రెండేళ్ళకు మిత్తి 48,000. అంటే నగలో సగం ధర మిత్తికే పోతుంది. బంగారం ధర పెరుగుతుంది కదా అంటారు. నిజమే, కొన్నేళ్ళు బాగా పెరుగుతుంది. కొన్నేళ్ళు కదలదు. మిత్తి మాత్రం పెరగని నెలంటూ ఉండదు. పైగా అది మనకు హరామ్ అన్న సంగతి సరేసరి. అల్‌బఖరా సూరాలో వడ్డీని నిషేధించిన ఆయతుల వెంటనే, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమనీ, మాఫీ చేస్తే మరీ మంచిదనీ చెప్పే ఆయతు (2:280) వస్తుంది. అప్పిచ్చేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఈ మాట ఇక్కడ రాయక తప్పలేదు.

ఉద్దెరలోనూ, కిస్తుల్లోనూ దాగిన మిత్తి

మిత్తికి అప్పు తేలేదు కాబట్టి మనకు మిత్తి బాధ లేదనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు ఉద్దెర ఖాతా తీసి చూసుకోవాలి. ఎరువు, పురుగు మందు నగదుకు వెయ్యి రూపాయలున్నది, పంట వచ్చాక ఇస్తామంటే పదకొండు వందలు రాశారనుకుందాం. ఐదు నెలలకు పంట పైసలు వచ్చాయి. వెయ్యికి ఐదు నెలల్లో వంద ఎక్కువ, అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. వాయిదా మీద ధర ముందే ఒక్కటిగా తేల్చుకుని అమ్మడం షరీఅత్‌లో చెల్లుతుందని ఆలిములు చెబుతారు, అది వేరే చర్చ. నేను చెప్పేది సంచి బరువు గురించి. హలాల్ అయినంత మాత్రాన ఖరీదు తగ్గదు. కొసరు దెబ్బ ఇంకొకటుంది: ఉద్దెర ఉన్న దుకాణాన్ని వదిలి ఇంకో దుకాణంలో ధర అడగలేం. పత్తి కూడా ఆయన చెప్పిన చోటే కాంటా పెట్టాల్సి వస్తుంది.

ఫోన్లకు, టీవీలకు 'సున్నా వడ్డీ' కిస్తులు వచ్చాయి. దాని లెక్క కూడా వేసి చూద్దాం. ఫోన్ ధర 15,000. నగదుకు అడిగితే 14,000కు ఇస్తానంటాడు. కిస్తుల్లో అయితే నెలకు 2,500 చొప్పున ఆరు నెలలు, మొదట ప్రాసెసింగ్ ఫీజు 300. పద్నాలుగు వేల వస్తువుకు మనం కట్టేది 15,300. ప్రతి నెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ పదమూడు వందలు చిన్నవి కావు. విడమర్చి లెక్కగడితే నూటికి నెలకు రెండున్నర రూపాయల మిత్తి దాటుతుంది. ఇది నా ఒక్కడి అనుమానం కాదు. 2013లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఒక సర్క్యులర్ పంపి, సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదనీ, దాన్ని ప్రాసెసింగ్ ఫీజులో దాచిపెడుతున్నారనీ చెప్పింది. కాబట్టి దుకాణంలో అడగాల్సింది కిస్తు ఎంత అని కాదు, ఇప్పుడే మొత్తం కడితే ఎంతకిస్తారు అని.

పంట పైసలు, ఏడేళ్ళ ధాన్యం

పొదుపు గురించి రాసే పుస్తకాలన్నీ నెల జీతగాళ్ళ కోసం రాసినట్టుంటాయి. మా వైపు నెల జీతం వచ్చే ఇళ్ళు తక్కువ. వానాకాలం వరి కోసి ఐకేపీ కేంద్రంలో పోస్తే ఒకసారి, పత్తి ఏరి అమ్మితే ఒకసారి, యాసంగికి నీళ్ళుంటే ఇంకోసారి పైసలు వస్తాయి. మధ్యలో నెలలకు నెలలు ఎండు. వచ్చిన వారంలో ఇల్లు కళకళలాడుతుంది, దావత్‌లు అవుతాయి, నెల తిరిగేసరికి కిరాణా కొట్టులో మళ్ళీ ఉద్దెర మొదలు. ఇది దుబారా మనస్తత్వం అని తేలిగ్గా అనేస్తారు. నేనలా అనను. ఒక్కసారిగా చేతిలో పడ్డ పెద్ద మొత్తాన్ని పన్నెండు నెలలకు పరచడం అంత సులువైన పని కాదు. ఎవరూ నేర్పని పని కూడా.

ఖుర్‌ఆన్‌లో దీనికి ఒక పాఠం ఉంది. యూసుఫ్ (అలైహిస్సలాం) మిస్ర్ రాజు కలకు అర్థం చెబుతూ, ఏడేళ్ళు వరసగా సేద్యం చేసి, తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగతా ధాన్యాన్ని కంకులతోనే ఉంచమంటారు (12:47). ఆ తర్వాత ఏడు కరువేళ్ళు వస్తాయి. రైతు బిడ్డలు ఇక్కడ ఒక సంగతి గమనిస్తారు. నూర్చిన గింజ సులువుగా తినడానికి, అమ్మడానికి తయారుగా ఉంటుంది, పురుగూ పడుతుంది. కంకిలో ఉన్న గింజను తీయాలంటే పని పడుతుంది. దాచిన దాన్ని కొంచెం అందకుండా దాచడం అన్నమాట.

దీన్ని మన పద్ధతిలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. పంట పైసలు ఖాతాలో పడిన రోజే, ఇంకో ఖర్చు చేయకముందే, మూడు వాటాలు వేయాలి. మొదటిది బాకీలు, వచ్చే పంట పెట్టుబడి. రెండోది ఇంటి ఖర్చు: వచ్చే పంట దాకా ఎన్ని నెలలో లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని అన్ని భాగాలు చేసి, నెలకు ఒక భాగమే తీయాలి. మూడోది కంకిలో ఉంచిన గింజ. అది ఎంత చిన్నదైనా సరే, ఇంకో ఖాతాలో, ఏటీఎం కార్డు లేని ఖాతాలో ఉండాలి. కనీసం ఒక నెల ఇంటి ఖర్చంత అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత మూడు నెలల ఖర్చంత అయ్యేదాకా పెంచుకుంటూ పోవాలి. ఆటో సోదరుడి దగ్గర ఆపరేషన్ రోజున ఇలాంటి మొత్తం ఇరవై వేలు ఉన్నా అప్పు ముప్పైకి ఆగేది. ముప్పై వేలకు చుట్టాలు దొరుకుతారు. యాభైకి దొరకరు.

ఆపరేషన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి పది లక్షలకు పెంచారు. ఆపద వచ్చిన రాత్రి ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది, ఏ కాగితాలు కావాలి అని వెతుక్కోవడం కాదు, ఈ వారంలోనే కార్డుల జిరాక్సులు ఒక కవరులో పెట్టి ఉంచండి. అయినా రానుపోను కిరాయిలు, పక్కన ఉండే మనిషి తిండి, బయటి మందులు ఎలాగూ ఉంటాయి. ఆ నెల ఖర్చంత మొత్తం వాటికి.

కూలి చేసుకునేవాళ్ళకు, చిన్న దుకాణదారులకు లెక్క ఇంకోలా ఉంటుంది. వాళ్ళకు రోజూ పైసలు వస్తాయి, రోజూ పోతాయి. వాళ్ళకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు: గల్లగురిగి. రోజుకు ఇరవై రూపాయలు వేస్తే ఏడాదికి 7,300. నవ్వకండి. మన దగ్గరకొచ్చే దరఖాస్తుల్లో ఐదు, పది వేల అవసరంతో మొదలైన అప్పులు తక్కువేమీ కాదు.

బీసీ, చిట్టీ, సంఘం

మన ఆడవాళ్ళు ఎప్పటినుంచో బీసీ వేసుకుంటున్నారు. ఇరవై మంది, నెలకు రెండు వేలు, నలభై వేలు చీటీ తీసి ఒకరికి. ఇరవై నెలల్లో అందరికీ వస్తుంది, ఎవరికీ పైసా ఎక్కువా తక్కువా ఉండదు. ఇందులో మిత్తి లేదు. పాట చిట్టీ అలా కాదు. నలభై వేల చిట్టీని అవసరంలో ఉన్నవాడు ముప్పై వేలకే పాడుకుంటే, ఆ పదివేలు మిగతావాళ్ళు పంచుకుంటారు. అది ఎవరి జేబులోంచి వచ్చిందో ఆలోచించండి. ఎక్కువమంది ఆలిములు దాన్ని ఒప్పుకోరు. ఇంకా, 1982 నాటి కేంద్ర చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ నడిపేవాళ్ళు ముందే రిజిస్ట్రార్ అనుమతి తీసుకోవాలి. ఊళ్ళో నమ్మకం మీద నడిచే పాట చిట్టీల్లో ఎన్నింటికి ఆ కాగితం ఉందో మీకే తెలుసు.

బీసీకి ఉన్న జబ్బు ఒకటే. మొదటి నెలల్లో ఎత్తుకున్నవాళ్ళు తర్వాత కట్టడం మానేస్తారు. "మనవాళ్ళే కదా, రాసుకుంటే ఏం బాగుంటుంది" అని ఎవరూ రాసుకోరు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని ఆదేశించే ఆయతు (2:282) ఖుర్‌ఆన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయతు. నమాజు గురించో రోజా గురించో కాదు, బాకీ కాగితం గురించి! మొహమాటానికి ఇంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది? బీసీ మొదలుపెట్టిన రోజే ఒక నోటుబుక్కులో ఇరవై పేర్లు, ఇరవై సంతకాలు, మధ్యలో మానేస్తే ఎవరు పూచీ అన్నది రాసిపెట్టుకోవాలి.

ఇంతకన్నా పెద్ద ఎత్తున చేసినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు పేరు దేశమంతా తెలుసు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సహకార వికాస సంస్థ అండతో మహిళల పొదుపు సంఘాలు పుట్టాయి. వాటి బలం ఒక్కటే, సభ్యుల పొదుపే పెట్టుబడి. ప్రతి నెలా ఒక తేదీన సంఘం కూర్చోవాలి, పొదుపు కట్టాలి, అప్పు కిస్తు కట్టాలి, లెక్క అందరి ముందు చదవాలి. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ వల్ల ఊళ్ళు అల్లాడి, ఆత్మహత్యలు జరిగి, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. బయటి సొమ్ము వాకిట్లోకి వచ్చి అప్పిచ్చిపోవడానికీ, సొంత పొదుపులోంచి అప్పు తీసుకోవడానికీ తేడా అప్పుడు తెలిసొచ్చింది. ఆ పొదుపు సంఘాలు సభ్యుల దగ్గర మిత్తి తీసుకుంటాయి, అది మనకు కుదరదు. కానీ ఆ తేదీ పట్టింపు, ఆ లెక్క చదవడం మనం నేర్చుకోవచ్చు.

మిత్తి లేకుండా నడపడం అయ్యేపనేనా అని అనుమానం ఉన్నవాళ్ళకు మన చరిత్రలోనే జవాబు ఉంది. సూరత్‌లో పట్నీ సహకార పరపతి సంఘం 1938లో, రాంపూర్ జిల్లా టాండా బావ్‌లీలో ముస్లిం ఫండ్ 1941లో, దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ 1961లో మొదలయ్యాయి. హైదరాబాదులో తూర్ బైతుల్‌మాల్ 1960లలో వచ్చింది. అంతకు చాలాముందే నిజాం కాలంలో హైదరాబాదులో ఉద్యోగులు కలిసి ఖర్జె బిలా సూద్ అంజుమన్‌లు పెట్టుకున్నారు. హైదరాబాదులో 1908లో పుట్టి, ఉస్మానియాలో చదివి, ప్రపంచ ప్రసిద్ధ పండితుడైన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి 1940లలోనే వ్యాసం రాశారు. ముస్లిం ఫండ్‌ల పద్ధతి సులువు. దాచుకునేవాళ్ళు లాభం ఆశించకుండా దాచుకుంటారు, అవసరమున్నవాళ్ళు నగ కుదువ పెట్టి మిత్తి లేకుండా అప్పు తీసుకుంటారు, ఆఫీసు ఖర్చుకు దరఖాస్తు ఫారం ధర వసూలు చేస్తారు.

మన సొసైటీలోనూ అలాంటిది పెడదామని దాతలు చాలాసార్లు అన్నారు. మంచి మాటే. కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకోవాలంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం లాంటి చట్టం కింద రిజిస్టర్ కావాలి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. రెండోది, జకాత్ సొమ్మును అప్పుగా తిప్పడం కుదరదని, హక్కుదారుకు సొంతం చేసి ఇచ్చేయాలని హనఫీ ఆలిములు చెబుతారు. ఖర్జె హసన నిధికి కావాలసింది సదఖా, విరాళం. రసీదు రాయించేటప్పుడు ఏ పద్దు కింద ఇస్తున్నారో దయచేసి స్పష్టంగా చెప్పండి.

హలాల్ అన్న మాట వినగానే

మిత్తి వద్దన్న మన నియమాన్నే ఎరగా వాడుకునేవాళ్ళు ఉన్నారు. హలాల్ పెట్టుబడి పేరుతో హైదరాబాదు కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు ఏటా 36 శాతం దాకా లాభం చూపించింది. 2018 అక్టోబర్‌లో దాని అధిపతిని పోలీసులు అరెస్టు చేశారు, కేసులు కోర్టులకెక్కాయి. బెంగళూరులో ఐఎంఏ సంస్థ యజమాని 2019 జూన్‌లో దేశం వదిలిపోయి, జులైలో తిరిగొచ్చి అరెస్టయ్యాడు. వేల కుటుంబాల పొదుపు చిక్కుకుపోయింది. గల్ఫ్‌లో సంపాదించింది, పెళ్ళికని దాచింది, వితంతువుల సొమ్ము అందులో ఉన్నాయి.

36 శాతం. ఎక్కడో విన్న అంకెలా లేదూ? మన ఊరి మూడు రూపాయల మిత్తే అది. ఎవరైనా మన దగ్గర సొమ్ము తీసుకుని, మిత్తి వ్యాపారి సంపాదించేంత లాభం, నష్టమే లేకుండా, ప్రతి నెలా ఇస్తామంటే దానికి అరబ్బీ పేరు పెట్టినంత మాత్రాన స్వభావం మారదు. నిజమైన భాగస్వామ్యంలో కొన్ని నెలలు నష్టం రావాలి. బ్యాంకు ఖాతాలో ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, ఇలాంటి చోట అది కూడా ఉండదు. ఖాతాలో పడిన మిత్తిని ఏం చేయాలంటారా? దాన్ని వేరుగా రాసిపెట్టి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమని ఆలిములు చెబుతున్నారు. అందుకు కూడా నోటుబుక్కు కావాలి.

పెళ్ళి ఖర్చు గురించి పొడుగ్గా రాయను, ప్రతి జుమా బయాన్‌లో వింటూనే ఉన్నాం. ఒక్క లెక్క మాత్రం. 2014 అక్టోబర్ 2న మొదలైన షాదీ ముబారక్ పథకం మొత్తం 51 వేల నుంచి 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. ఆ చెక్కు పెళ్ళి రోజుకే చేతికి రావాలని లేదు. అది వస్తుంది కదా అన్న ధైర్యంతో లక్ష రూపాయలు మూడు రూపాయల మిత్తికి తెచ్చి, చెక్కు ఎనిమిది నెలలకు వస్తే, 24,000 మిత్తికి పోయినట్టే. ఆ లక్షను లేనిదిగా అనుకుని, వలీమా ప్లేట్లు ఎన్నో నిర్ణయించుకోవాలి.

ఒకే నోటుబుక్కు

దాతలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇక్కడుంది. జకాత్ సరిగ్గా లెక్కగట్టాలంటే ఏ కాగితాలు కావాలో, ఇల్లు అప్పులపాలు కాకుండా చూసుకోవడానికి కూడా అవే కాగితాలు కావాలి. ఒక తేదీ పెట్టుకోండి, రమజాన్ ఒకటైతే గుర్తుంటుంది. ఆ రోజు చేతిలో, ఖాతాలో ఉన్న నగదు 60,000, దుకాణంలో సరుకు 2,20,000, రావలసిన బాకీలు 40,000 అనుకుందాం. మొత్తం 3,20,000. మనం ఇవ్వాల్సిన బాకీలు 60,000 తీసేస్తే 2,60,000. అది ఆ రోజు నిసాబ్‌కు మించి ఉంటే నలభయ్యో వంతు, అంటే 6,500 జకాత్. హనఫీ ఫిఖ్హ్‌లో ఒంటి మీది నగ కూడా లెక్కలోకి వస్తుంది.

నిసాబ్ బంగారంలో ఏడున్నర తులాలు, వెండిలో యాభై రెండున్నర తులాలు అని అందరికీ నోటికి వచ్చు. పొరపాటు అక్కడే జరుగుతోంది. అది పాత తులం, 11.664 గ్రాములది. ఇప్పుడు దుకాణంలో తులమంటే పది గ్రాములు. కాబట్టి బంగారం నిసాబ్ 87.48 గ్రాములు, అంటే ఇవాళ్టి లెక్కలో ఎనిమిదింబావు దాటి దాదాపు ఎనిమిదీ ముప్పావు తులాలు. వెండి 612.36 గ్రాములు. నగదు, సరుకు కలిసి ఉన్నవాళ్ళు వెండి లెక్కే చూసుకోవాలని, పేదవాడికి అందులోనే మేలని చాలామంది ఆలిముల మాట. ఆ రోజు వెండి ధర తెలుసుకుని గుణించుకోండి. పంట మీది ఉష్ర్ వేరు. వాన మీద పండితే పదో వంతు, బోరు కరెంటు ఖర్చు పెట్టి తడిపితే ఇరవయ్యో వంతు. వివరాలు మీ మసీదు ఇమాం గారిని అడగండి.

పోయినేడు 2,60,000 ఉన్న మొత్తం ఈ ఏడు 1,90,000 అయితే జకాత్ తగ్గిందని సంబరపడకూడదు. డెబ్బై వేలు ఎటు పోయాయో ఆ నోటుబుక్కే చెబుతుంది. దాతల వరుసలో ఉన్న పేరు దరఖాస్తుల వరుసలోకి రావడానికి ముందు ఆ అంకెలు రెండు మూడేళ్ళు జారుతూ వస్తాయి. చూసేవాళ్ళుంటే కనపడతాయి.

ఆ ఆటో సోదరుడి దరఖాస్తు సంగతి చెప్పి ముగిస్తాను. అప్పుల్లో మునిగినవాళ్ళు జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో ఒకరు (9:60). ముందు ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని అప్పిచ్చినాయన దగ్గరికి వెళ్ళాం. నోటు తిరగరాసిన మూడుసార్ల కాగితాలు ముందు పెట్టి మాట్లాడితే, రెండు రోజులు బిగుసుకున్నా చివరికి ఎనభై వేలకు ఒప్పుకున్నాడు. యాభై వేలు జకాత్ పద్దులోంచి ఆ సోదరుడి చేతికిచ్చాం, ఆయనే వెళ్ళి కట్టాడు. మిగతా ముప్పై వేలు ఒక దాత ఖర్జె హసనగా ఇచ్చారు, పేరు రాయవద్దన్నారు. ఆ ముప్పై వేలు నెలకు పదిహేను వందల చొప్పున తిరిగి కడుతున్నాడు. ఒకప్పుడు మిత్తికి పోయిన మొత్తం కూడా నెలకు సరిగ్గా అంతే. పోయిన నెలతో పదమూడు కిస్తులు కట్టాడు. ఇంకా ఏడు ఉన్నాయి.